ఏ పెళ్లికీ ఇద్దరు సెలబ్రెంట్లు ఉండరు

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం అనుబంధంలో విదేశాల్లో మనవాళ్లు చేస్తున్న కొత్త కొత్త పనుల గురించి వేశారు కదా, అందులో మా పని గురించి కూడా ఒక పేరా ఉంది, చూసి సంతోషం వేసింది, ఎందుకంటే తొమ్మిదేళ్ల నుంచి ఆస్ట్రేలియాలో మ్యారేజ్ సెలబ్రెంట్‌గా చేస్తున్నా మా చుట్టాల్లో సగం మందికి నేను ఏం చేస్తానో ఇప్పటికీ తెలీదు. కానీ శని ఆదివారాల్లో మైక్ పట్టుకుని నాలుగు మంచి మాటలు చెప్తే చాలు అన్నట్టు రాశారు చూడండి, అక్కడ ఆగిపోయాను. కోపం కాదు, నేనూ చేరినప్పుడు అలాగే అనుకున్నా. మైక్ పట్టుకోవడం కష్టం కాదండి. ఆ మైక్ కింద పెట్టాక ఎవరితో మాట్లాడాలో తెలీకపోవడం కష్టం, నేను రాద్దామనుకున్నది దాని గురించే.

ముందు తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇక్కడ పెళ్లి చట్టబద్ధం అవ్వాలంటే ప్రభుత్వం గుర్తించిన మనిషి దగ్గరుండి జరిపించాలి, ఆ మనిషినే సెలబ్రెంట్ అంటారు. ఒకప్పుడు చర్చి, లేదంటే రిజిస్ట్రీ ఆఫీసు, అంతే. లయొనెల్ మర్ఫీ అని ఒకాయన అటార్నీ జనరల్‌గా (ఇక్కడ అది న్యాయశాఖ మంత్రి లాంటి పదవి) ఉన్నప్పుడు, మతంతో పని లేనివాళ్లకి కూడా గౌరవంగా పెళ్లి జరగాలి, ఆఫీసు కౌంటర్ ముందు క్యూలో నిలబడి కాదు అనుకుని, 1973 జూలై 19న లోయిస్ డార్సీ అనే ఆవిడని మొట్టమొదటి సివిల్ సెలబ్రెంట్‌గా నియమించాడు. అక్కడ మొదలైంది, ఇప్పుడు ఈ దేశంలో పది పెళ్లిళ్లు జరిగితే దాదాపు ఎనిమిది మాలాంటివాళ్లే జరిపిస్తున్నారు. పాత రోజుల్లో ఆ ప్రాంతానికి అవసరం ఉందనుకుంటేనే కొత్తవాళ్లని తీసుకునేవాళ్లట, 2003లో ఆ పద్ధతి మార్చేశారు, కోర్సు పూర్తి చేసి మిగతా అర్హతలు ఉంటే అప్లై చేసుకోవచ్చు, దాంతో మా సంఖ్య బాగా పెరిగింది. పెరిగిన కొద్దీ తోడు దొరుకుతుందని అనుకుంటాం కదా, నాకైతే ముందు పోటీయే కనిపించింది.

ఇంకో సంగతి, ఇది బయటివాళ్లకి తట్టదు. ఏ పెళ్లికీ ఇద్దరు సెలబ్రెంట్లు ఉండరు. ఫొటోగ్రాఫర్‌కి పక్కన ఇంకో ఫొటోగ్రాఫర్ ఉంటాడు, వంటవాళ్లు గుంపుగా వస్తారు, పూలవాళ్లు ఇద్దరు ముగ్గురు వస్తారు, పాటలవాళ్లు వాళ్లలో వాళ్లు కళ్లతోనే మాట్లాడుకుంటారు. మేం ఒక్కళ్లమే వస్తాం, అందరికంటే ముందు వచ్చి స్పీకర్ పెట్టుకుని, గంటలో పని ముగించుకుని, భోజనాలు మొదలవ్వకముందే డిక్కీలో స్పీకర్ సర్దుకుని వెళ్లిపోతాం. దాంతో ఏమవుతుందంటే మా వృత్తిలో ఒకళ్ల పని ఒకళ్లు చూసే అవకాశమే ఉండదు. టీచర్‌కి పక్క క్లాసులో పాఠం వినపడుతుంది, డ్రైవర్ పక్కవాడు ఎలా తోలుతున్నాడో రోజూ చూస్తూనే ఉంటాడు, నేను మాత్రం మొదటి మూడేళ్లలో ఇంకో సెలబ్రెంట్ పెళ్లి జరిపించడం కళ్లారా చూసింది ఒక్కసారి, అదీ మా కొలీగ్ పెళ్లికి అతిథిగా వెళ్లినప్పుడు. ఆ రోజు పెళ్లికూతుర్ని చూడలేదు నేను, ఆయన కాగితాలు ఎలా పట్టుకున్నాడు, ఎక్కడ నిలబడ్డాడు, ఉంగరం కిందపడితే ఏం చేశాడు, ఇవే చూస్తూ కూర్చున్నా. మా ఆయన మోచేత్తో పొడిచాడు కూడా, అలా గుడ్లప్పగించి చూడకు బాగోదు అని.

ఇప్పుడు నా మొదటి ఏడాదిలో జరిగిన ఒక సంగతి చెప్పాలి, పేపర్లో వస్తే ఎలా అని కాసేపు ఆలోచించా, పేరు వెయ్యరుగా, పర్లేదు.

మా చట్టంలో, 1961 మ్యారేజ్ యాక్ట్ అంటారు, సెలబ్రెంట్ తప్పకుండా పలకాల్సిన కొన్ని మాటలు ఉన్నాయి, మానిటమ్ అంటాం, ఆస్ట్రేలియా చట్టం ప్రకారం వివాహం అంటే మిగతా ఎవరికీ చోటు లేకుండా ఇద్దరు మనుషులు ఇష్టపూర్వకంగా జీవితాంతానికి కలవడం అని దాని సారాంశం. 2017 డిసెంబర్‌లో చట్టం మారేదాకా అక్కడ ఒక పురుషుడు, ఒక స్త్రీ అని ఉండేది, తర్వాత ఇద్దరు మనుషులు అయింది. అవి పలికాక జంట ఇద్దరూ సాక్షుల ముందు ప్రమాణం చెయ్యాలి, దానికీ చట్టంలో మాటలు ఉన్నాయి. సరే, ఆ రోజు సముద్రం ఒడ్డున పెళ్లి, గాలి, నా చేతిలో విడి కాగితాలు, రెండు పేజీలు కలిసి తిరిగిపోయాయి, మానిటమ్ ఉన్న పేజీ దాటిపోయింది, నేను గమనించలేదు. అందరూ చప్పట్లు కొట్టారు, అమ్మాయి నాన్నగారు నా చెయ్యి పట్టుకుని ఏడ్చినంత పని చేశారు, నేను గాల్లో తేలుతూ ఇంటికొచ్చి, రాత్రి ఫైల్ సర్దుతుంటే టిక్ పెట్టని పేజీ కనపడింది.

ఆ రాత్రి గురించి ఎక్కువ చెప్పను. వాళ్లకి అసలు పెళ్లి కానట్టే అనుకున్నా. పొద్దున్నే వాళ్లు ఊరెళ్లిపోతారు, వెనక్కి పిలవాలా, ఏమని పిలవాలి, కేసు వేస్తారా, నా రిజిస్ట్రేషన్ పోతుందా. మా ఆయన, పాపం, ఏం కాదులే బానే చేసుంటావు అన్నాడు, ఆ మాట వింటే ఇంకా ఏడుపొచ్చింది, ఎందుకంటే ఏం జరిగిందో అర్థమైన మనిషి ఏం కాదంటే అది ధైర్యం, అర్థం కాని మనిషి అంటే అది ఓదార్పు, నాకు కావల్సింది ఓదార్పు కాదు.

రాత్రి పదిన్నరకి, ట్రైనింగ్ క్లాసులో ఒకే ఒక్కసారి కలిసిన ఒక పెద్దావిడకి ఫోన్ చేశా. ఇరవై ఏళ్లుగా చేస్తోంది. నేను చెప్పిందంతా విని ఒకటే అడిగింది, ఇద్దరూ ప్రమాణాలు చెప్పారా అని. చెప్పారు అన్నా. మాటలు పూర్తిగా చెప్పారా, నువ్వు విన్నావా, సాక్షులు విన్నారా. విన్నారు. అయితే వాళ్లకి పెళ్లయింది, పడుకో అంది. మానిటమ్ చెప్పకపోవడం నీ బాధ్యతలో పెద్ద లోపమే, కానీ ఆ ఒక్క కారణం మీద పెళ్లి చెల్లకుండా పోదు, చట్టంలోనే ఆ సంగతి రాసుంది, నీ తప్పు వేరు వాళ్ల పెళ్లి వేరు, రెండూ కలిపేసుకుని నిద్ర పాడుచేసుకోకు, పొద్దున్నే జరిగింది జరిగినట్టు రాసి మనల్ని రిజిస్టర్ చేసే డిపార్ట్‌మెంట్‌కి తెలియజేయి, దాచకు అంది. తర్వాత నవ్వి, తనకి రెండో ఏట ఒక పెళ్లిలో పెళ్లికొడుకు బదులు తోడిపెళ్లికొడుకు పేరు నోట్లోంచి వచ్చేసిందని చెప్పింది. చివర్లో, రేపు వెళ్లి రింగుల ఫైలు కొనుక్కో, విడి కాగితాలతో బయట పెళ్లి చేయించేది ఎవరు అని తిట్టింది. ఆ తిట్టు ఎంత బాగుందో చెప్పలేను.

నాకు కోర్సులో ఇవన్నీ చెప్పలేదా అంటే చెప్పారు. పెళ్లి చేసుకోబోతున్నామని జంట రాసిచ్చే నోటీసు కనీసం నెల ముందు తీసుకోవాలి, అది 18 నెలల వరకే పనికొస్తుంది, 18 ఏళ్లు నిండిన సాక్షులు ఇద్దరు, పెళ్లయ్యాక 14 రోజుల్లో కాగితాలు రిజిస్ట్రీకి పంపాలి, అన్నీ వచ్చు నాకు, పరీక్ష బాగానే రాశా. రాత్రి పదిన్నరకి బుర్ర పనిచెయ్యనప్పుడు, అందులో ఏది ప్రాణం మీదికొచ్చేది, ఏది మామూలు జ్వరం అని చెప్పే మనిషి కావాలి. అది పుస్తకంలో దొరకదు.

ఆవిడ దొరికేదాకా నేను వెతకలేదని కాదు. మొదట్లో ఒక పెద్ద సంఘం మీటింగులకి వెళ్లా (ఏ సంఘమో అడక్కండి, మంచి సంఘమే, చట్టం మారినప్పుడల్లా మా అందరి తరఫున ప్రభుత్వంతో మాట్లాడేది ఇలాంటి సంఘాలే, అది చిన్న పని కాదు). కానీ కాఫీ టైములో అందరూ ఈ సీజన్‌లో ఎన్ని పెళ్లిళ్లు బుక్కయ్యాయి అనే మాటలే, నలభై అని ఒకరు, అరవై అని ఒకరు, నాకు అప్పటికి మూడు. మూడు అని చెప్పలేక బాత్రూంలోకి వెళ్లి నిలబడ్డా, నిజంగా. పెళ్లిళ్ల వ్యాపారంలో ఉన్న ఫొటోగ్రాఫర్లు, హాళ్లవాళ్లతో స్నేహం చేశా, సరదా మనుషులు, పని ఇప్పిస్తారు కూడా, కానీ వాళ్లకి మన కాగితాల గోల అక్కర్లేదు కదా. ఇంట్లోవాళ్ల సంగతి చెప్పాను.

చివరికి కుదిరింది ఎలాగంటే ఆ పెద్దావిడ, నేను, ఇంకో ఇద్దరు, మొత్తం నలుగురం, నెలకోసారి మంగళవారం కలుస్తాం, మంగళవారం ఎందుకంటే ఆ రోజు దాదాపు ఎవరూ పెళ్లి చేసుకోరు. ఆవిడ మొదటి రోజే ఒక షరతు పెట్టింది, బాగా జరిగిన పెళ్లి గురించి ముందు ఎవ్వరూ మాట్లాడకూడదు, ముందు ఈ నెలలో ఎక్కడ తడబడ్డామో చెప్పాలి, ఆ తర్వాత కావాలంటే గొప్పలు. ఈ షరతు విని, ఐదో మనిషిగా వచ్చిన ఒకతను మొదటి మీటింగు తర్వాత రాలేదు, అతను గొప్ప వక్త అంట, తడబడడంట, సరే. మేం నలుగురం మిగిలాం. ఏడేళ్లయింది.

ఇందులో అసూయ లేదా అని అడుగుతారు, ఉంటుందండి, ఎందుకుండదు. ఒక జంట ముగ్గురు సెలబ్రెంట్లని కలిసి ఒకళ్లని ఎంచుకుంటారు, నన్ను కాదన్న జంట మా నలుగురిలోనే ఇంకొకళ్ల దగ్గరికి వెళ్లిన రోజులు ఉన్నాయి, ఆ మంగళవారం నా మొహం ఎలా ఉండేదో వాళ్లనే అడగాలి. ఒకసారి నేను కష్టపడి రాసుకున్న ఒక వాక్యం, తల్లిదండ్రుల గురించి, ఇంకొకావిడ పెళ్లి వీడియోలో వినపడింది, వారం రోజులు మాట్లాడలేదు. తర్వాత నా పాత స్క్రిప్టులు తిరగేస్తే ఆవిడ దగ్గర విన్న ముక్కలు నావాటిలో మూడు చోట్ల ఉన్నాయి, నాకు తెలియకుండానే. ఫోన్ చేసి చెప్పేశా. అప్పట్నుంచి అడిగి తీసుకుంటున్నాం, ఇవ్వనంటే ఇవ్వనంటాం, అంతే.

ఈ తోడు వల్ల లాభమేంటో నాకు బాగా తెలిసొచ్చింది గొంతు పోయిన రోజు. శనివారం నాలుగింటికి పెళ్లి, శుక్రవారం రాత్రికి గొంతులోంచి గాలి తప్ప ఏమీ రావట్లేదు. డాక్టర్‌కి జబ్బు చేస్తే అపాయింట్‌మెంట్ సోమవారానికి మారుస్తారు, పెళ్లిని సోమవారానికి మార్చలేం. ఇక్కడ జంట ఇచ్చిన నోటీసుని ఇంకో సెలబ్రెంట్‌కి బదిలీ చెయ్యొచ్చు, చట్టం ఒప్పుకుంటుంది, కానీ సీజన్‌లో శనివారం ఖాళీగా ఉండే మనిషి ఎక్కడ దొరుకుతారు? మా నలుగురికీ ఒకళ్ల తారీఖులు ఒకళ్లకి తెలుసు కాబట్టి, పొద్దున తన పెళ్లి ఉన్నావిడే సాయంత్రం నాది కూడా తీసుకుంది, రాత్రికి రాత్రే నా స్క్రిప్టు చదువుకుని, ఆ జంటతో వీడియో కాల్‌లో మాట్లాడి, వాళ్లు ఎలా కలుసుకున్నారో నా దగ్గర అడిగి (నేను టైప్ చేసి చెప్పా), మర్నాడు నా మాటలనే తన గొంతుతో చెప్పింది. డబ్బు సంగతి అంటారా, అది ముందే మాట్లాడుకుని పెట్టుకున్నాం, ఎవరు నిలబడి జరిపిస్తే పూర్తిగా వాళ్లకే అని, అవసరం వచ్చినప్పుడు మొహమాటంతో మాట్లాడుకుంటే స్నేహం చెడుతుంది.

2020 మార్చిలో కరోనా రూల్ వచ్చింది గుర్తుందా, పెళ్లిలో మొత్తం ఐదుగురే ఉండాలన్నారు, జంట, సాక్షులిద్దరు, సెలబ్రెంట్. తల్లిదండ్రులకి కూడా చోటు లేదు. అప్పుడు ఏడుస్తూ ఫోన్లు చేసిన అమ్మాయిలకి సమాధానం చెప్పీ చెప్పీ రాత్రి మేం నలుగురం ఒకళ్లకొకళ్లం చేసుకునేవాళ్లం, ఇంక దాని గురించి అందరూ రాసేశారు, వదిలేస్తా.

కానీ ఇంకోటి వదలలేను. 2024 జూన్ 12 నుంచి మాకు ఒక కొత్త బాధ్యత వచ్చింది, పెళ్లికి ముందు అమ్మాయినీ అబ్బాయినీ విడివిడిగా, ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఇది నీ ఇష్టంతోనే జరుగుతోందా అని తేల్చుకోవాలి. బలవంతపు పెళ్లిళ్లు ఉన్నాయి కాబట్టి పెట్టారు, మంచి పనే. రూల్ రాయడం తేలికే, ఆ గదిలో కూర్చునేది మాత్రం మేం. నేను కూర్చున్న ఒక గదిలో అమ్మాయి అన్నిటికీ సరైన సమాధానాలే చెప్పింది, ఇష్టమే అంది, ఎవరూ బలవంతపెట్టలేదు అంది, కాగితం మీద చూస్తే ఏ తప్పూ లేదు. కానీ నాకు మింగుడుపడలేదు. ఎందుకో చెప్పలేను. రెండు రోజులు నాలో నేనే గొడవపడ్డా, నేనే ఎక్కువ ఊహించుకుంటున్నానేమో, మంచి కుటుంబం, ఇంత ఖర్చు పెట్టుకున్నారు, నా అనుమానంతో వాళ్ల పరువు తీస్తానా అని.

మంగళవారం ఇంకా దూరం ఉంది, ఆ పెద్దావిడకే ఫోన్ చేశా, పేర్లు గానీ ఊరు గానీ ఏమీ చెప్పకుండా, అది మా నియమం, ఒక అమ్మాయి అని మాత్రం. ఆవిడ నాకు సలహా ఇవ్వలేదు. సమాధానం చెప్పేటప్పుడు ఆ అమ్మాయి ఎటు చూసింది అని అడిగింది. తలుపు వైపు అన్నా. నా నోట్లోంచి వచ్చాక నాకే అర్థమైంది నాకు మింగుడుపడనిది ఏంటో. ఇంకోసారి, వేరే రోజు, వేరే చోట కలువు, ఈసారి ప్రశ్నలు అడక్కు, పెళ్లయ్యాక వచ్చే సోమవారం ఎలా ఉంటుందనుకుంటున్నావో చెప్పమను అంది. కలిశా. అంతకంటే ఇక్కడ రాయకూడదు, ఆ పెళ్లి నేను జరిపించలేదు, ఆ అమ్మాయి క్షేమంగా ఉంది, ఆ కుటుంబం నన్ను అన్న మాటలు నాకు గుర్తున్నాయి. ఒంటరిగా ఉండుంటే ఆ సంతకం పెట్టేసేదాన్నేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది, టిక్కులన్నీ సరిగ్గానే ఉన్నాయిగా.

వేరే దేశాల్లో మా పని చేసేవాళ్ల సంగతి చూస్తే మేమే నయం. స్కాట్లాండ్‌లో 2005 నుంచి హ్యూమనిస్ట్ (అంటే మతంతో పని లేని మానవవాద) సెలబ్రెంట్లు జరిపించే పెళ్లికి చట్టబద్ధత ఉంది. ఇంగ్లండ్, వేల్స్‌లో అయితే సెలబ్రెంట్ ఎంత అందంగా జరిపించినా చట్టం లెక్కలో అది పెళ్లి కాదు, జంట విడిగా రిజిస్ట్రార్ ముందు ఇంకోసారి చేసుకోవాల్సిందే, అక్కడి లా కమిషన్ 2022లో ఈ చట్టాన్ని మార్చమని సిఫార్సు చేసింది కూడా. చట్టం దృష్టిలో లేని పని చేసేవాళ్లకి అధికారికంగా అడగడానికి ఎవరుంటారు, ఒకళ్లకొకళ్లే దిక్కు. మాకైతే కనీసం ఏటేటా తప్పనిసరి ట్రైనింగ్ ఒకటి ఉంది, చాలామంది దాన్ని ముగించేస్తే ఓ పనైపోతుంది అన్నట్టు చేస్తారు, నాకైతే ఆ పెద్దావిడ దొరికింది అలాంటి క్లాసులో పక్క కుర్చీలోనే.

మీ వ్యాసం చదివి ఈ పనిలోకి రావాలనుకునే మన పిల్లలు ఎవరైనా ఉంటే నాది ఒకటే మాట. సీనియర్ల దగ్గరికి వెళ్లి నాకు పని ఇప్పించండి అని అడిగితే మర్యాదగా నవ్వి పంపేస్తారు, నేనూ పంపేశా కొందర్ని, తప్పే. వానొస్తే మీరు ఏం చేస్తారు, కాగితాలు ఎలా సర్దుకుంటారు, ఎప్పుడైనా పేరు తప్పు పలికారా అని అడిగి చూడండి, గంటసేపు వదలరు. మీ దగ్గర చెప్పడానికి ఒక తడబాటు ఉంటే ఇంకా మంచిది, ముందు మీరే చెప్పండి. పెద్ద గుంపు అక్కర్లేదు, రాత్రి పదిన్నరకి ఫోన్ ఎత్తే ఒక్కళ్లు చాలు, తర్వాత మీరూ ఎవరికో ఎత్తాలి మరి, పోయిన నెల నాకూ వచ్చింది అలాంటి ఫోన్, కుర్రాడు, వణికిపోతున్నాడు, రిజిస్ట్రీకి పంపాల్సిన కాగితాలు కారు సీటు కింద ఉండిపోయి 14 రోజులు దాటిపోయాయంట. ప్రమాణాలు చెప్పారా అని అడిగా ముందు.

చివరగా ఒక చిన్న సవరణ, వీలైతే వేసుకోండి. మీ వ్యాసంలో ఫొటో కింద యాంకర్ అని వేశారు. యాంకర్ వేరు మేం వేరు. విందులో ఇప్పుడు డాన్స్, ఇప్పుడు స్పీచ్ అని చెప్పే అతను యాంకర్, ఆయన రాకపోయినా పెళ్లి ఆగదు.

ఇట్లు,
మీ పాఠకురాలు, ఒక సెలబ్రెంట్